కాపరి ఉత్తరము: కొట్టుకుంటున్న తెర



ఈ శీర్షికలో సాధారణముగా కుటుంబ ప్రార్థన గూర్చి, పిల్లల పెంపకము గూర్చి, అత్తాకోడళ్ళ మధ్య సమాధానము గూర్చి వ్రాస్తూ ఉంటాను. ఈ నెల లాప్‌టాప్ గూర్చి వ్రాస్తున్నాను. "అయ్యగారు కంప్యూటరు దుకాణము ఎప్పుడు తెరిచారు?" అని కొందరు నవ్వుకొనవచ్చును, నవ్వండి. 2020లో కరోనా మూలముగా బడులు, కాలేజీలు మూతబడి పాఠములు ఫోనులోను కంప్యూటరులోను చెప్పడము మొదలైన నాటినుండి, చదువుకొనే పిల్లలున్న ఎన్నో పల్లె ఇళ్ళలోకి ఈ వస్తువు వచ్చి చేరింది. క్రొత్తది కొనలేనివారు ఒకరు వాడి అమ్మినది కొన్నారు. డ్వాక్రా అప్పుతో కొన్నవారున్నారు, పాడిగేదెను అమ్మి కొన్నవారున్నారు. అంత కష్టపడి కొన్న దాని తెర ఒకనాడు ఉన్నట్టుండి పాత ట్యూబులైటువలె టపటప కొట్టుకోవడము మొదలైతే ఇల్లంతా కలవరపడుతుంది. నేను చూచినంతలో అటువంటప్పుడు ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఎవరు పాడుచేశారు?"

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులకు వచ్చిన సందేహము కూడా ఇటువంటిదే. తప్పు ఇతనిదా, ఇతని తలిదండ్రులదా అని వారు తేల్చుకోవాలనుకొన్నారు. ప్రభువు ఆ రెంటిలో దేనినీ ఒప్పుకొనలేదు. ఉమ్మితో బురద చేసి ఆ మనుష్యుని కన్నులమీద పూసి పనిలోకి దిగాడు. ఈ భాగముమీద నేను చాలాసార్లు ప్రసంగించాను గాని, అది మన ఇళ్ళలోని బల్లమీద వస్తువులకు కూడా వర్తిస్తుందని మా సంఘములోని ఒక కుటుంబమును చూచాక బాగా తెలిసింది. ఆ కుటుంబము సంగతి తరువాత చెప్తాను. ముందు ఆ తెర ఎలా పనిచేస్తుందో చూద్దాము. అది తెలియకపోతే దుకాణమువాడు చెప్పినదల్లా నమ్మవలసి వస్తుంది.

లాప్‌టాప్ తెరలో బొమ్మ వేరు, వెలుగు వేరు. మన పాత చర్చిలలో రంగుటద్దముల కిటికీలు చూచియుంటారు. పగలు వెనుకనుండి ఎండ పడుతుంటే ఆ బొమ్మలు కళకళలాడతాయి. రాత్రి చూస్తే నల్లని అద్దమే. బొమ్మ అక్కడే ఉంటుంది, వెనుక వెలుగు ఉండదు. లాప్‌టాప్‌లో ఎక్కువ భాగము వాడే ఎల్‌సీడీ తెర కూడా అంతే. ముందుండే పలుచని గాజు పలక బొమ్మను తయారుచేస్తుంది, దాని వెనుక ఒక దీపము వెలుగుతుంది. పదిహేను ఇరవై ఏండ్ల క్రితపు యంత్రములలో ఆ దీపము సన్నని గొట్టము, మన ట్యూబులైటుకు తమ్మునివంటిది. దానికి ఇన్వర్టరు అనే చిన్న పలక కూడా ఉండేది. ఇప్పటివాటిలో చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపముల వరుస ఉంటుంది. బొమ్మ మాత్రము సాధారణముగా సెకనుకు 60 సార్లు క్రొత్తగా గీయబడుతుంది. ఆ బొమ్మను క్రింది భాగమునుండి తెరకు మోసుకొనిపోయేది ఒక సన్నని తీగల కట్ట. అది మూత తెరుచుకొనే కీలు గుండా పైకి వెళుతుంది. రోజుకు పదిసార్లు మూత తెరిచి మూస్తే ఆ తీగలు పదిసార్లు వంగుతాయి. ఎద్దుల బండికి ఇరుసు ఎలాగో దీనికి ఆ కీలు అలాగు, అరిగేది అక్కడే.

ఇక ఆ తెరకు, విండోస్‌కు మధ్య డ్రైవరు అనే ఒక ప్రోగ్రాము ఉంటుంది. మన సువార్త కూటములకు పరదేశపు ప్రసంగీకులు వచ్చినప్పుడు ప్రక్కన నిలబడి తర్జుమా చేసే సహోదరుడిని గుర్తుచేసుకొనండి. ప్రసంగము బాగున్నా తర్జుమా తడబడితే మనకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. డ్రైవరు ఆ తర్జుమాదారుడు. విండోస్ తనంతట తాను క్రొత్త మార్పులు తెచ్చుకొన్న మరునాడు తెర కొట్టుకోవడము మొదలైతే మొదట అనుమానించవలసినది ఇతనినే.

కాబట్టి మొదట తేల్చవలసినది లోపము వస్తువులో ఉన్నదా, ప్రోగ్రాములో ఉన్నదా అని. దీనికి పైసా ఖర్చు లేదు. లాప్‌టాప్ పూర్తిగా ఆపి, తిరిగి వెలిగించేటప్పుడు విండోస్ రాకముందే ఎఫ్2 గాని, ఎఫ్10 గాని, డిలీట్ గాని, ఎస్కేప్ గాని పలుమార్లు నొక్కితే (కంపెనీని బట్టి మీట మారుతుంది) బయోస్ అనే ఒక సాదా పుట వస్తుంది. అక్కడ దేనినీ మార్చవద్దు, చూస్తూ ఊరకే అయిదు నిమిషములు కూర్చోండి. అక్కడ ఇంకా విండోస్ లేదు, దాని తర్జుమాదారుడూ లేడు. అక్కడ కూడా తెర కొట్టుకుంటే లోపము తెరలోనో తీగలోనో దీపములోనో పలకలోనో ఉన్నది, ప్రోగ్రాములు ఎన్నిసార్లు మార్చినా లాభము లేదు. అక్కడ నిలకడగా ఉండి విండోస్ వచ్చిన తరువాతనే కొట్టుకుంటే ఎక్కువ భాగము ప్రోగ్రాము లోపమే. ఈ ఒక్క పరీక్షతో సగము దారి గడిచినట్టే. దుకాణమువారు చాలామంది దీనిని మన ఎదుట చేయరు. ఎందుకో నేను వ్రాయను.

ప్రోగ్రాము వైపు తేలితే రెండవ పరీక్ష ఉన్నది. తెర కొట్టుకుంటున్న సమయములోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు ఒక్కసారి నొక్కండి. టాస్క్ మేనేజరు అనే పెట్టె తెరుచుకొంటుంది. మిగిలిన తెరతోపాటు ఆ పెట్టె కూడా కొట్టుకుంటే లోపము డ్రైవరుది. చుట్టూ అంతా కొట్టుకుంటూ ఆ పెట్టె మాత్రము నిలకడగా ఉంటే, మీరు పెట్టుకొన్న ఏదో ఒక ప్రోగ్రాము సరిపడక అలా చేస్తున్నదని అర్థము. ఇది విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారే చెప్పే పద్ధతి. ఈ మధ్య పెట్టుకొన్న ప్రోగ్రాములను ఒకటొకటిగా తీసివేసి చూడాలి. తెరమీద బొమ్మలు కదిలించేవి, పాత వైరస్ మందులు, ఎక్కడినుండో దింపుకొన్న వీడియో ఆటగాళ్ళు, వీటిని ముందు చూడండి.

డ్రైవరుదే అయితే డివైస్ మేనేజరులో డిస్‌ప్లే ఎడాప్టర్స్ అనే చోట తెరిచి, డ్రైవరు పుటలో రోల్ బ్యాక్ అనే మీట వెలిగియుంటే దానిని నొక్కితే పాత తర్జుమాదారుడు తిరిగి వస్తాడు. అది వెలగకపోతే లాప్‌టాప్ చేసిన కంపెనీవారి స్థలమునుండి మీ మోడలు నంబరుకు తగిన డ్రైవరునే దింపుకోవాలి. "మీ డ్రైవర్లన్నీ ఉచితముగా సరిచేస్తాము" అని ఎదురువచ్చే ప్రకటనలను ముట్టవద్దు. "మీ కంప్యూటరు పాడైనది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెరమీద ఎర్రగా కనబడితే అది దొంగ. ఫోను చేస్తే బ్యాంకు వివరములు అడుగుతాడు. పాత లాప్‌టాప్ ఉన్నవారికి మరియొక మాట: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇక అటువంటి యంత్రములకు క్రొత్త డ్రైవర్లు రావడము తగ్గిపోతుంది గనుక బాగా నడుస్తున్న పాత డ్రైవరును అనవసరముగా కదిలించవద్దు.

ఇప్పుడు ఆ కుటుంబము. తండ్రి కౌలు రైతు. తల్లి మన స్త్రీల సమాజములో నమ్మకముగా ఉన్న సహోదరి. పెద్దమ్మాయి టౌనులో ఇంజనీరింగు రెండవ సంవత్సరము. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. రెండేండ్ల క్రితము ఒకరు వాడిన లాప్‌టాప్ కొన్నారు. ఆ సంవత్సరము మిరపకు ధర లేదు. అదే సమయములో తెర కొట్టుకోవడము మొదలైంది. టౌనులో ఒక దుకాణమునకు తీసికొనిపోతే అతడు తెరిచి చూడకుండానే "డిస్‌ప్లే పోయింది, 7,500 రూపాయలు" అన్నాడు. తండ్రి ఇంటికి వచ్చి, "రాత్రిళ్ళు సినిమాలు చూచి చూచి పాడుచేశావు" అన్నాడు. అమ్మాయి ఏడ్చింది. మాట మీద మాట పెరిగి, చదువు చాలు అనే వరకు వచ్చింది. బంధువులలో ఒక సంబంధము అప్పటికే ఎవరో చెప్పియున్నారు.

ఆ బుధవారము కూటము అయిన తరువాత తల్లి ఉండిపోయి, "అయ్యగారూ, ఆ కంప్యూటరు కోసం ప్రార్థన చేయండి" అన్నది. అడగడములో తప్పేమి లేదు. రెండవ రాజులు 6వ అధ్యాయములో ఒక ప్రవక్త శిష్యుని గొడ్డలి నీటిలో పడిపోతే అతడు అల్లాడిపోయాడు. అతని బాధ ఇనుము పోయినందుకు కాదు, అది అడిగి తెచ్చుకొన్న వస్తువు అయినందుకు. అప్పుచేసి కొన్న వస్తువు పాడైతే కడుపులో ఎలా ఉంటుందో దేవునికి తెలుసు. ప్రార్థన చేశాము. అయితే నెహెమ్యా ప్రార్థనా చేశాడు, కావలివారినీ పెట్టాడు. కనుక అమ్మాయిని పిలిపించమన్నాను.

"తల్లీ, మూత కదిలిస్తే ఏమైనా మారుతుందా?" అని అడిగాను. "అవునండి అయ్యగారూ, సగము మూస్తే బాగుంటుంది, పూర్తిగా తెరిస్తే కొట్టుకుంటుంది" అన్నది. నెలరోజులుగా ఆ సంగతి ఆమెకు తెలుసు. "మరి నాన్నకు చెప్పలేదా?" అంటే తల వంచుకొన్నది. అక్కడే నాకు బాధ కలిగింది. రోజంతా దానితో పనిచేసే పిల్లకు దాని రోగలక్షణములు అందరికంటే బాగా తెలుసు. ఆమెను అడిగినవారు లేరు. నేరస్థురాలిగా నిలబెట్టిన పిల్ల సాక్షిగా ఎలా మాట్లాడుతుంది? యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతసేపు మంచివారే. కారణము వెదకకుండా తీర్పు చెప్పడము మొదలుపెట్టినప్పటినుండి యోబుకు గాయముమీద గాయము అయ్యారు.

మూత కదిలిస్తే మారడము కీలులోని తీగకు గుర్తు. మెల్లగా, రెండు చేతులతో, తెరను మూయడము తెరవడము చేస్తూ ఏ వంపు దగ్గర మొదలవుతున్నదో చూడాలి. తెర అంచును వంచడము, గాజుమీద నొక్కడము చేయవద్దు, అది పగులుతుంది. దీనికి తోడు మరియొక పరీక్ష చేశాము. చర్చిలో పాటలు చూపించడానికి వాడే హెచ్‌డీఎంఐ తీగతో ఆ లాప్‌టాప్‌ను పాస్టరు బంగళాలోని టీవీకి తగిలించాము. విండోస్ గుర్తున్న మీటతో పి నొక్కి డూప్లికేట్ అనేది ఎన్నుకొంటే రెండు చోట్లా ఒకే బొమ్మ వస్తుంది. లాప్‌టాప్ తెర కొట్టుకుంటున్నది, టీవీలో బొమ్మ రాయివలె నిలిచియున్నది. అంటే బొమ్మను తయారుచేసే భాగము క్షేమము. లోపము తీగకో, తెరకో. రెండు చోట్లా కొట్టుకొనియుంటే డ్రైవరునో లోపలి పలకనో అనుమానించవలసి వచ్చేది, పలక అయితే ఖర్చు ఎక్కువ.

తెర ఒక్కసారి పూర్తిగా నల్లబడే ఇళ్ళవారికి ఒక చిట్కా. గది చీకటి చేసి టార్చిలైటు తెరమీద ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ లీలగా కనబడితే బొమ్మ ఉన్నది, వెనుక దీపము ఆరిపోయింది. రాత్రివేళ రంగుటద్దము కిటికీకి బయటినుండి లాంతరు పట్టినట్టు.

తండ్రిని కూర్చోబెట్టి టీవీని, లాప్‌టాప్‌ను ప్రక్కప్రక్కన చూపించాను. ఆయన చెడ్డవాడు కాడు, అప్పుకు భయపడిన మనిషి. ఆ భయము కూతురిమీద కోపముగా బయటికి వచ్చింది. ఆయనే మరునాడు వేరొక మెకానిక్కు దగ్గరకు వెళ్ళి, "తెర వద్దు, ముందు తీగ తీసి చూడండి" అని అడిగాడు. తీగ కీలు దగ్గర నలిగి పై తొడుగు చిట్లిపోయియున్నది. తీగకు 900, కూలి 400, మొత్తము 1,300 రూపాయలు అయినది. సినిమాలు చూస్తే తీగ నలగదు, మూతపట్టుకొని లేపితే నలుగుతుంది. ఒకరు వాడి అమ్మిన వస్తువు గనుక ఎన్నేండ్ల అరుగుదలో ఎవరు చెప్పగలరు?

తండ్రి కూతురికి క్షమాపణ చెప్పాడని వ్రాయాలని ఉన్నది. నోటితో చెప్పలేదు. వచ్చేటప్పుడు లాప్‌టాప్ పెట్టుకొనడానికి లోపల మెత్త ఉన్న సంచి ఒకటి కొనితెచ్చాడు. సంబంధము మాట ఏమైందని అడుగుతారేమో. ఆగిపోయింది. తెర బాగైనందువలన కాదు, ఈసారి తల్లి గట్టిగా నిలబడినందువలన. ఆ విషయములో నేను ఆమె ప్రక్కననే నిలబడ్డాను. ఆడపిల్ల చదువు ఒక వస్తువు బాగోగులమీద వ్రేలాడకూడదని కమిటీ పెద్దల ఎదుట కూడా చెప్పాను. ఒకరిద్దరికి నచ్చలేదు.

ఇక కరెంటు సంగతి. మన పల్లెలకు ఇది ముఖ్యము. చార్జరు పెట్టినప్పుడే తెర కొట్టుకొని, తీసివేస్తే బాగుంటే ముందు ప్లగ్గు చూడండి. సాకెట్టు వదులైపోయి చార్జింగు వస్తూ పోతూ ఉంటే, చాలా లాప్‌టాప్‌లు కరెంటు ఉన్నప్పుడు ఎక్కువ వెలుగు, లేనప్పుడు తక్కువ వెలుగు ఇస్తాయి గనుక, తెర ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మనము తెర పోయిందనుకొంటాము, పోయినది సాకెట్టు. చార్జరుమీద చదివితే చాలావాటిమీద 100 నుండి 240 వోల్టులు అని ఉంటుంది. అంటే సాయంత్రము ఫ్యాను నీరసముగా తిరిగేంత వోల్టేజి తగ్గినా దానికి ఇబ్బంది లేదు, దానికోసము స్టెబిలైజరు కొనవలసిన పని లేదు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పిన్ను ఎర్తు కొరకు. రెండు రంధ్రముల సాకెట్టులో పట్టడములేదని దానిని విరగగొట్టిన ఇళ్ళు నేను చూచాను. దయచేసి అలా చేయవద్దు. లాప్‌టాప్ ఇనుప ఒంటిమీద చేయిపెడితే జిలజిలమంటున్నదంటే మీ ఇంటి ఎర్తు సరిగా లేదని ఒక గుర్తు. ఎలక్ట్రీషియనును పిలిచి చూపించండి, ఇది తెరకంటే ప్రాణములకు సంబంధించినది.

చార్జరు తీసినప్పుడే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటే అది రోగము కాకపోవచ్చును. బ్యాటరీ పొదుపు కొరకు తెరమీది బొమ్మను బట్టి వెలుగును మార్చే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. నల్లని పుట వస్తే తగ్గుతుంది, తెల్లని పుట వస్తే పెరుగుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే అని వెళ్ళి బ్రైట్‌నెస్ దగ్గర దానిని ఆపివేయవచ్చును. మరి కొందరికి వెలుగు బాగా తగ్గించినప్పుడే కళ్ళు లాగినట్టు, తల పోటు వచ్చినట్టు ఉంటుంది. చాలా తెరలలో వెలుగు తగ్గించే విధానమే దీపమును సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడము. మన కన్ను దానిని పట్టలేదు గాని కొందరి శరీరము పట్టుకొంటుంది. అటువంటివారు తెర వెలుగు కొంచెము పెంచి, గదిలో దీపము వేసికొని చదవాలి. ఫోను కెమెరాలో ఆ తెరను చూస్తే నల్లని చారలు పరుగెత్తినట్టు కనబడతాయి. అది చూచి భయపడి దుకాణమునకు పరుగెత్తనక్కరలేదు.

తెర ఉన్నట్టుండి ఆరిపోయి వెంటనే వెలుగుతుంటే మణికట్టువైపు చూడండి. మూత మూసినది లేనిది తెలిసికొనడానికి చాలా లాప్‌టాప్‌లలో అయస్కాంతము వాడతారు. అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరుగాని, అయస్కాంతముతో అతుక్కొనే గడియారపు పట్టీగాని మీటల దగ్గరకు వస్తే మూత మూసినారనుకొని అది తెరను ఆర్పేస్తుంది.

ఒక గంభీరమైన మాట. కొట్టుకుంటున్న తెరముందు పిల్లలను కూర్చోనివ్వవద్దు. 1997 డిసెంబరు 16న జపాను దేశములో టీవీలో పిల్లల కార్టూను ఒకటి ప్రసారమైనప్పుడు, అందులో ఎరుపు నీలము వెలుగులు వేగముగా మారిమారి మెరిసిన ఒక దృశ్యము తరువాత 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు తీసికొనిపోవలసి వచ్చింది. మెరుపులకు మూర్ఛ వచ్చే స్వభావము కొద్దిమంది పిల్లలలో ఉంటుంది, అంతవరకు ఎవరికీ తెలియకపోవచ్చును. మన ఊళ్ళలో పిల్లవాడు టీవీ ముందో కంప్యూటరు ముందో పడి కొట్టుకుంటే దయ్యమని, చేతబడి అని అనేవారు ఇంకా ఉన్నారు. చేతిలో తాళపుచెవులు పెట్టవద్దు, నోటిలో ఏమీ కుక్కవద్దు, చెప్పు వాసన చూపవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు తీసివేయండి, ఎంతసేపు వచ్చిందో గడియారము చూడండి. అయిదు నిమిషములు దాటినా, తెలివి రాకముందే మరల వచ్చినా 108కి ఫోను చేయండి. అక్కడే ఆగిపోయినా మొదటిసారి వచ్చిన పిల్లను డాక్టరుకు తప్పక చూపించండి. పాస్టరును కూడా పిలవండి, వస్తాను, ఆసుపత్రికే వస్తాను.

దుకాణమునకు ఇవ్వవలసి వచ్చినవారికి కొన్ని మాటలు. వారంటీ ఉన్నదేమో బిల్లు వెదకండి. ఉంటే బయటివారిచేత విప్పించవద్దు, కంపెనీ సర్వీసు కేంద్రమునకే ఇవ్వండి. వారంటీ ఉండికూడా సాకులు చెప్పి త్రిప్పితే 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు ఉన్నది. తెరే మార్చవలసి వస్తే పాత తెర వెనుక అంటించిన చీటిమీది నంబరును ఫోటో తీసికొని, దానికి తగినదే వేయమనండి. తీగ తగిలించే చోట 30 పిన్నులు, 40 పిన్నులు అని రెండు రకములు ఎక్కువగా ఉంటాయి. పరిమాణము ఒకటే గదా అని వేరొకటి తెస్తే పట్టదు. మార్చిన పాత తెరను మీకు తిరిగి ఇమ్మనండి. మీటల దగ్గరో అడుగునో ఉబ్బినట్టు కనబడితే అది తెర సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఆ క్షణమే చార్జరు తీసి వాడడము మానివేయండి, గుచ్చవద్దు, నొక్కవద్దు, మంచముమీద పెట్టవద్దు.

చాలామంది తలిదండ్రులకు తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. లాప్‌టాప్‌ను మెకానిక్కుకు ఇవ్వడమంటే దానిలోని ఫోటోలు, ఉత్తరములు, సర్టిఫికెట్లు అన్నీ ఇచ్చినట్టే. ఆడపిల్లలున్న ఇళ్ళవారు ముఖ్యముగా గమనించాలి. తెర కనబడకపోయినా పైన చెప్పినట్టు టీవీకి తగిలించి కావలసినవన్నీ పెన్‌డ్రైవులోకి తీసికొని, సొంత ఫోటోలు అందులోనుండి తీసివేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, అప్పుడు ఇవ్వండి. తెర, తీగ మార్చడానికి పాస్‌వర్డ్ చెప్పవలసిన అవసరము లేదు. పని అయిన తరువాత మీరే తెరిచి చూచుకోవచ్చును. కుదిరితే ఎదుట కూర్చొని చేయించుకొనండి. అమ్మాయిని ఒంటరిగా పంపవద్దు అంటే ఆమెమీద నమ్మకము లేక కాదు. ఇద్దరుంటే ఒకరు బేరము చూస్తారు, ఒకరు పని చూస్తారు.

ఆదివారము ఆరాధనలో ప్రొజెక్టరుమీద పాటలు కొట్టుకుంటున్నాయని వ్రాసిన యౌవన కూటమువారికి: మీ లాప్‌టాప్ తెర నిలకడగానే ఉన్నదని వ్రాశారు గనుక దానిని ముట్టుకోవద్దు. హెచ్‌డీఎంఐ తీగ రెండు కొనలను తీసి గట్టిగా పెట్టండి, వేరొక తీగతో చూడండి. ప్రొజెక్టరు దూరముగా ఉండి తీగ చాలా పొడవైనా అలా జరుగుతుంది, తక్కువ పొడవుతో ఒకసారి పరీక్షించండి. అప్పటికీ పోకపోతే తెర నాణ్యతను ఒక మెట్టు తగ్గించి చూడండి, పాటల అక్షరములకు అంత నాణ్యత అక్కరలేదు. ఇది శనివారము సాయంత్రము చేయండి, ఆరాధన మధ్యలో కాదు. ఈలోపు పాటల పుస్తకములు బల్లలమీద ఉంచండి.

ప్రభువు సేవలో,
మీ కాపరి